వణకని చెయ్యి

కనకయ్య తొడ మీది కట్టు సగం ఊడివచ్చేసరికి వహీదా మేడమ్ ఫోర్సెప్స్ కింద పడేసి కెవ్వున అరిచింది. కట్టు విప్పించుకుంటున్న కనకయ్య మాత్రం అరవలేదు. తెల్లబోయి చూశాడు.

"కాలింది నాకు గదమ్మా. మీరెందుకు అరుత్తన్నారు?"

హాల్లో ఉన్న ముప్పై మంది నర్సింగ్ ట్యూటర్లలో ఎవరూ నవ్వలేదు. తర్వాతి వంతు ఎవరిదా అని ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు. ప్రిన్సిపల్ వరూధిని గారికి ఎక్కడికో అర్జెంటుగా ఫోన్ చేయాలని గుర్తొచ్చి బయటికి వెళ్ళారు. ఆ ఫోన్ కాల్ భోజనాల వేళ దాకా సాగింది.

కొత్తమల్లవరం నర్సింగ్ కాలేజీలో జరుగుతున్న ఐదు రోజుల వర్క్‌షాప్‌లో అది మూడో రోజు. వర్క్‌షాప్ అంటే సంచి, పెన్ను, ప్యాడు, మధ్యాహ్నం భోజనం, చివర్లో సర్టిఫికెట్ అని ట్యూటర్లందరికీ తెలుసు. ఈసారి సంచి జిప్పు మొదటి రోజే ఊడిపోవడంతో అందరి దృష్టీ యంత్రం మీద పడింది.

దాని పేరు తోడు. చూడటానికి రెండు పట్టీలు. ఒకటి రోగి మణికట్టుకి, రెండోది నర్సు మణికట్టుకి కడతారు. రోగికి నొప్పి కలిగినప్పుడు నరాల్లో నడిచే సంకేతాలను మొదటి పట్టీ చదివి రేడియో తరంగాల ద్వారా రెండోదానికి పంపుతుంది. రెండో పట్టీ సన్నని కరెంటుతో అంత నొప్పినీ నర్సు చేతిలో పుట్టిస్తుంది. గాయం ఉండదు, బాధ మాత్రం ఉంటుంది. ఆ బాధలో నర్సు చెయ్యి ఎంత వణికిందో కంప్యూటర్ కొలుస్తుంది. తక్కువ వణికితే ఎక్కువ మార్కులు.

"రోగి బాధ పంచుకుంటూ కూడా నిబ్బరంగా పనిచేసేవాళ్ళే అసలైన నర్సులు," అన్నాడు దాన్ని తయారుచేసిన డాక్టర్ ప్రభంజన్. ఆయన ఇరవై ఏళ్ళు నొప్పి మీద పరిశోధన చేశాడు. ఇంజెక్షన్ అంటే మాత్రం పక్క వీధికి పరిగెత్తే మనిషి. పట్టీ ఒక్కసారి కూడా తన చేతికి కట్టుకోలేదు.

"అందరిలోకీ వణకని చెయ్యి ఎవరిదైతే దాన్నే కొలబద్దగా పెడతాం. రాష్ట్రంలో ప్రతి విద్యార్థినీ దానికి సరితూగాలి. తర్వాత ఎవరు?"

సలోమి మేడమ్ లేచింది. యాభై ఏడేళ్ళ మనిషి. ముప్పై ఏళ్ళుగా ఆ కాలేజీ స్కిల్ ల్యాబ్ ఆవిడదే. పద్నాలుగేళ్ళుగా షుగరు. నాలుగేళ్ళుగా మోచేతుల కింద స్పర్శ లేదు. చేతుల్లో స్పర్శ పోయిన ట్యూటర్ క్లినికల్ పాఠాలు చెప్పకూడదని రూలు ఉంది, ఆ పాఠాలు లేకపోతే ఉద్యోగమూ ఉండదు. అందుకని స్పర్శ పోయిన సంగతి ఎవరికీ చెప్పలేదు. కొత్తమల్లవరంలో ఒక రహస్యం నాలుగేళ్ళు దాగడం అదే మొదటిసారి. పుండు కడిగే సెలైన్ వేడి చూడాల్సి వస్తే, "నువ్వు ముట్టుకుని చెప్పమ్మా," అని పిల్లల్ని ముందుకు పిలిచేది. తనిఖీకి వచ్చినవాళ్ళు దాన్ని విద్యార్థి కేంద్రిత బోధన అని రాసుకుని, మిగతా ట్యూటర్లను కూడా నేర్చుకోమన్నారు.

ఆవిడ కట్టు మొత్తం విప్పింది. పుండు కడిగింది. మధ్యమధ్య ఆగుతూ ఇరవై నిమిషాలు తీసుకుంది. కంప్యూటర్ తెర మీద వణుకు చూపే గీత బల్లపరుపుగా సాగిపోయింది.

"సిస్టరమ్మ చెయ్యి ఎన్నపూస," అన్నాడు కనకయ్య.

డాక్టర్ ప్రభంజన్ కళ్ళజోడు తీసి తుడుచుకున్నాడు. "ఇంత నొప్పిలో ఇంత నిబ్బరం నేనెక్కడా చూడలేదు. మీకెలా సాధ్యమైందమ్మా?"

"అలవాటండీ," అంది సలోమి మేడమ్.

ఆ ఒక్క మాటతో ఆవిడ గీతే కొలబద్ద అని రెండు వందల నర్సింగ్ కాలేజీలకు ఆర్డరు వెళ్ళింది. ఆవిడకు శాలువా కప్పేటప్పుడు వరూధిని గారు ఫోన్ ముగించుకుని సరిగ్గా సమయానికి వచ్చారు.

మూడు నెలలకు ఫైనలియర్ ప్రాక్టికల్స్ వచ్చాయి. నలభై మందిలో ఒక్కరు కూడా సలోమి మేడమ్ గీతను అందుకోలేదు. వాళ్ళలో నిర్మల అనే అమ్మాయి ఉంది. ఒక్క పోటుకే నరం దొరకబుచ్చుకునే చెయ్యి దానిది. పట్టీ కట్టుకుని పుండు కడుగుతూ నాలుగో నిమిషంలో స్పృహ తప్పింది. లేచాక టోపీ తీసి బల్ల మీద పెట్టింది.

"నా వల్ల కాదు మేడమ్. మీలాంటి మనసు నాకు లేదు."

మర్నాటి నుంచి బట్టల షాపులో చీరలు మడతపెడుతోంది. ఊళ్ళో ఆడవాళ్ళు ఆ అమ్మాయిని చూడటానికి వెళ్ళి, పనిలో పని అని రెండేసి చీరలు తెచ్చుకున్నారు.

సలోమి మేడమ్ మూడు రోజులు అన్నం సరిగా తినలేదు. నాలుగో రోజు వహీదాని వెంటబెట్టుకుని ప్రిన్సిపల్ గదికి వెళ్ళింది. వహీదా పీహెచ్‌డీ చేస్తున్నది నొప్పి కొలతల మీదే. తను అరిచిన రోజు నుంచి ఆ థీసిస్ కాగితం ముట్టలేదు. గదిలో డాక్టర్ ప్రభంజన్ కాఫీ తాగుతున్నాడు.

"సార్, నా చేతికి స్పర్శ లేదు. ఆ రోజు నాకు నొప్పే తెలియలేదు. ఆ కొలబద్ద తీసేయండి."

"మీది మరీ వినయం," అన్నాడాయన.

వహీదా గుండుసూది తీసి మేడమ్ అరచేతిలో గుచ్చింది. రక్తపు చుక్క వచ్చింది. మేడమ్ ఆ చుక్కను చూశాకే తెలుసుకుంది. డాక్టర్ ప్రభంజన్ కుర్చీ వెనక్కి జరుపుకున్నాడు.

"ఆర్డర్లు వెళ్ళిపోయాయమ్మా," అన్నాడు. "ఇప్పుడు తప్పు జరిగిందంటే రెండు వందల కాలేజీల్లో పట్టీలు విప్పాలి. మళ్ళీ కమిటీ, మళ్ళీ వర్క్‌షాప్..."

"పిల్లలు పడిపోతున్నారు సార్!" అంది వహీదా.

"అలవాటు పడతారు. మేడమ్ గారే అన్నారుగా."

వరూధిని గారికి ఆర్డరు మార్చే అధికారం లేదు. రూలు అమలు చేసే అధికారం ఉంది. "ఇన్నేళ్ళ స్నేహం సలోమీ, నాకెంత కష్టంగా ఉందో!" అంటూనే స్పర్శ లేని ట్యూటర్‌ను విధుల నుంచి తప్పిస్తున్నట్టు కాగితం మీద సంతకం పెట్టారు. సంతకం చేసే చెయ్యి మాత్రం కొలబద్దకు సరితూగింది.

కొలబద్ద ఉండిపోయింది. సలోమి మేడమ్ ఇంటికి వెళ్ళిపోయింది.

పిల్లలు తెలివైనవాళ్ళు. సప్లిమెంటరీకి ముందు ఎవరో చర్మాన్ని మొద్దుబార్చే లిగ్నోకైన్ జెల్లీ మోచేతి దాకా రాసుకున్నారు. మిగతావాళ్ళూ అదే చేశారు. ముప్పై తొమ్మిది మందికి ముప్పై తొమ్మిది మందీ పాసయ్యారు. కొన్నాళ్ళకే రాష్ట్రమంతా పాసయింది. ఉద్యోగాల్లోనూ పట్టీలు వచ్చాయి కాబట్టి జెల్లీ కూడా వెంట వచ్చింది. తర్వాత వార్డుల్లో సెలైన్ వేడి తెలియక పుళ్ళు కాలడం మొదలైంది. కనకయ్య తొడ మళ్ళీ మొదటికి వచ్చింది. ఈసారి అతను జోకులు వేయలేదు.

ప్రభుత్వం వెంటనే మేలుకుంది. పట్టీలు తీయలేదు, జెల్లీ ఆపలేదు. స్పర్శ లేని చేతులతో సురక్షితంగా పనిచేయడం ఎలా అని ట్యూటర్లకు ఐదు రోజుల వర్క్‌షాప్ పెట్టింది. ఆ విషయంలో అనుభవం ఉన్న మనిషి రాష్ట్రంలో ఒక్కరే. సలోమి మేడమ్‌ను ఇంటికి కారు పంపించి పిలిపించారు.

హాలు కిక్కిరిసింది. ఆవిడ మైకు ముందుకు వచ్చింది.

"నాకు చెయ్యి ఏమీ చెప్పేది కాదు. అందుకని రోగి ముఖం చూసేదాన్ని. కనుబొమ్మ ముడిపడితే ఆగేదాన్ని. నొప్పిగా ఉందా నాయనా అని అడిగేదాన్ని. వద్దంటే ఆపేదాన్ని. అంతే. నాకు తెలిసిన విద్య అదొక్కటే."

రెండు వందల పెన్నులు గబగబా కదిలాయి. వెనక వరసలోంచి ఒకావిడ చెయ్యెత్తింది.

"మేడమ్, ముఖం చూడటాన్ని ఆ పట్టీ కొలుస్తుందా?"

"కొలవదమ్మా."

"అయితే దానికి మార్కులు?"

"లేవు."

పెన్నుల మూతలు పెడుతున్న చప్పుడు ముందు వరస నుంచి వెనక వరస దాకా సాగింది. డాక్టర్ ప్రభంజన్ లేచి, భోజనాలు సిద్ధంగా ఉన్నాయని చెప్పాడు.