మందార షాంపూలో ఏం కలిసింది?

సోమవారం పొద్దున చన్నమ్మ కనిపించకుండా పోయింది.

నారాయణఖేడ్ బస్టాండులో ఆమెను చివరిసారి చూసినవాడు టీ కొట్టు శివరాజ్. చంకలో బట్టల మూట. చేతుల్లో ఒక స్టీలు డబ్బా. డబ్బాను మూటలో పెట్టలేదు. తడిగుడ్డ చుట్టి, రెండు చేతులా పట్టుకుని బస్సెక్కింది.

"ఏ బస్సు?" అడిగింది ఎస్.ఐ. దాక్షాయణి.

"చూడలే మేడం. గిరాకి మీదున్న."

గిరాకి మీదున్నవాడు డబ్బాకు చుట్టిన గుడ్డ తడిదో పొడిదో చూశాడు గానీ, ఎదురుగా ఉన్న బస్సు బోర్డు చూడలేదు. సాక్షులతో ఎప్పుడూ ఇదే తంటా.

"విషం డబ్బానే మేడం," అన్నాడు కానిస్టేబుల్ అంబదాస్. "ఎవిడెన్స్ పట్టుకపోయింది."

దాక్షాయణి జీపు రిజ్వానా ఇంటికి పోనివ్వమంది.

రిజ్వానాకు ముప్పై ఏళ్లుంటాయి. ఇంటి వెనక రేకుల షెడ్డులో షాంపూ చేస్తుంది. కుంకుడు రసం, మందార ఆకు, కలబంద, అవిసె గింజల జిగురు. సీసా మీద తన పేరుతోనే లేబుల్. కల్హేర్ సంతలో, సిర్గాపూర్ సంతలో, ఊళ్లోని బ్యూటీ పార్లర్లలో అమ్ముతుంది. మొగుడు పనికని హైదరాబాద్ పోయి అక్కడే ఇంకో కాపురం పెట్టాడు. ఇద్దరు పిల్లలు. ఆ షెడ్డు నడిస్తేనే పొయ్యి వెలుగుతుంది.

ఆ షాంపూతో తలంటుకున్న పిల్ల నుజహత్. అదే గల్లీ. ఇరవై ఏళ్లు. జాకెట్ల మీద మగ్గం వర్క్ చేస్తుంది. నురగ కంట్లో పడితే నలుపుకుంది. సాయంత్రానికి కన్ను ఎర్రబడింది. మర్నాటికి నల్లగుడ్డు మీద తెల్లటి పొర. హైదరాబాద్ దవాఖానకు తీసుకుపోయేసరికి గుడ్డుకు చిల్లుపడింది. డాక్టర్లు కుడి కన్ను తీసేశారు.

దాక్షాయణి షెడ్డులో స్టూలు లాక్కుని కూర్చుంది.

"నీ షాంపూల ఏం కలిపినవ్?"

"నేనేం కలపలే మేడం. ఎవరో కలుపుతున్నరు."

"ఎప్పటి నుంచి?"

"పోయిన నాల్గు బ్యాచ్‌ల నుంచి. చేసినప్పుడు మంచిగనే ఉంటది. చిక్కగ, మంచి వాసన. రెండు వారాలు పోతే నీళ్లు నీళ్లయితది. పచ్చగ తిరుగుతది. ముక్కు దగ్గర పెట్టనియ్యదు."

"మరి నువ్వేం చేసినవ్?"

"ఏం చెయ్యలేదో అడుగుండ్రి. బోరు నీళ్లు బంద్ చేసి ఫిల్టర్ నీళ్లు పెట్టిన. సీసాలు ఉడకబెట్టిన. మందార ఆకు మార్చిన. చెడకుండ వేసే ప్రిజర్వేటివ్ డబల్ చేసిన. పులుపు చూసే కాగితాలు తెప్పించి ప్రతిసారి ముంచి చూసిన. అయినా చెడుతనే ఉన్నది."

"చెడింది అమ్మినవా?"

"అల్లా కసమ్, అమ్మలే. చెడినయన్ని పారబోసిన. నుజహత్‌కు ఇచ్చింది కొత్తది. చూస్తే ఏం తెలుస్తలేకుండె."

దాక్షాయణి ఉన్న మాట చెప్పింది. పోలీసులు సాధారణంగా ఇంత ముందుగా చెప్పరు.

"విను. ఎవడన్న కావాలని కలిపిండని తేలితే నువ్వు బయటపడతవ్. తేలకపోతే కేసు నీ మీదనే. లైసెన్స్ లేదు. పిల్ల కన్ను పోయింది. జైలుకు పోతవ్."

"తేలుతది మేడం. నా దగ్గర వీడియో ఉన్నది."

రిజ్వానా తెలివైంది. దొంగను పట్టాలని శనివారం సీసాల మధ్య ఫోన్ దాచి రికార్డింగ్ పెట్టింది. ఆదివారం పొద్దున ఆరున్నర. రాత్రంతా చల్లారిన షాంపూ ఉన్న పెద్ద గిన్నె, గంజు. షెడ్డులోకి చన్నమ్మ వచ్చింది. మొదటి బ్యాచ్ నుంచి రిజ్వానా దగ్గర పనిచేస్తున్న మనిషి. వాకిలి వైపు ఒకసారి చూసింది. మూల ఉన్న డ్రమ్ము వెనక నుంచి స్టీలు డబ్బా తీసింది. మూత విప్పింది. అందులోది గరిటెతో రెండుసార్లు గంజులో పోసింది.

రిజ్వానా వేలితో వీడియో ఆపేసింది.

"ఇంకేం గావాలె మేడం? ఉగాదికి చన్నమ్మ నాగల్‌గిద్దల కూతురింటికి పోయింది. ఆ వారం చేసిన బ్యాచ్ ఒక్కటే చెడలే."

"ఇంటి దొంగను ఈశ్వరుడన్న పట్టలేడంటరు," అన్నాడు అంబదాస్. "ఫోన్ పట్టింది."

ఈ వీడియో గల్లీ అంతా చూసింది. ఆదివారం సాయంత్రం చెప్పులు పట్టుకుని చన్నమ్మ మీదికి పోయింది. సోమవారం పొద్దునకు ఆమె లేదు. నిప్పు లేనిదే పొగ రాదు కదా అని అందరూ తేల్చేశారు.

రిజ్వానా కొంగుతో ముక్కు తుడుచుకుంది. "అమ్మ లెక్క చూసుకున్న మేడం. అన్నం ఒక్క పళ్లెంల తిన్నం. ఆమెకు ఇంత పగ ఎందుకుంటది? సిద్ధేశ్వరే చేయించిండు."

సిద్ధేశ్వర్ బజారులో సబ్బులు, నూనెల హోల్‌సేల్ వ్యాపారి. బీదర్ నుంచి షాంపూ తెచ్చి అమ్ముతాడు. రిజ్వానాకు ప్రిజర్వేటివ్ అమ్మేదీ అతనే. జీపును చూడగానే గల్లాపెట్టె ముందు నుంచి లేచాడు.

"గీ షాంపూ ముచ్చట నాల్గు దినాలే అన్నవంట?" అడిగింది దాక్షాయణి.

"అన్న."

"ఎందుకు?"

"నా సరుకు పోతలేదు మేడం. కడుపు మండింది, అన్న. అంటే కలిపినట్టేనా?"

"చన్నమ్మ తెలుసా?"

"ఎవరికి తెల్వదు? ఇరవై ఏండ్లు కల్హేర్ సంతల పెరుగమ్మింది. ఆమె పెరుగు కోస్తె కత్తికి అంటకపోయేది. మోకాళ్లు పోయినంక గీ పనికొచ్చింది."

"ప్రిజర్వేటివ్‌ల ఏం కలిపినవ్?"

"సీలు డబ్బా. నేను ఇప్పను గూడ ఇప్పను. కావాల్నంటె టెస్ట్ చేయించుకోండ్రి."

చేయించింది. నకిలీ కాదు. కల్తీ లేదు. అతని కడుపుమంట ఒక్కటే నిజం, దానికి సెక్షన్ లేదు.

స్టేషన్‌లో దాక్షాయణి వీడియోను మళ్లీ పెట్టింది. రిజ్వానా ఆపిన చోట ఆపలేదు. చివరిదాకా చూసింది. వెనక్కి జరిపి ఇంకోసారి చూసింది.  ఆ రోజు ఆమె టీ కూడా తాగలేదు.

మర్నాడు జీపు నాగల్‌గిద్ద పోయింది.

చన్నమ్మ ఎక్కడా దాక్కోలేదు. కూతురింటి అరుగు మీద కూర్చుని కందులు చెరుగుతోంది. ముఖం మీద చెప్పుదెబ్బ కమిలి ఉంది. స్టీలు డబ్బా లోపల నీళ్ల కుండ పక్కన చల్లగా ఉంది. మీద తడిగుడ్డ కప్పి ఉంది.

దాక్షాయణి పుట్టింది బీదర్ వైపు. ముసలామెతో కన్నడంలోనే మాట్లాడింది. అంబదాస్‌కు సగమే అర్థమైంది. కానీ డబ్బా అడిగినప్పుడు చన్నమ్మ తెలుగులోకి వచ్చింది.

"పారబోస్తవా బిడ్డా? పారబోస్తె మళ్ల దొరకది."

విషం దాచినవాళ్లు ఇలా మాట్లాడరు. అంబదాస్ మొదటిసారి తల గోక్కున్నాడు.

డబ్బా, గంజు, చెడిన సీసాలు, నుజహత్ వాడిన సీసా, అన్నీ సీజ్ చేసి హైదరాబాద్ ల్యాబ్‌కు పంపారు. రిపోర్ట్ వచ్చిన రోజు దాక్షాయణి అందరినీ షెడ్డుకు పిలిపించింది.

రిజ్వానా గంజు పక్కన నిలబడింది. సిద్ధేశ్వర్ తలుపు దగ్గర. చన్నమ్మ నేల మీద. నుజహత్ తల్లి ఫాతిమాబీ పిలవకుండానే వచ్చింది. గడప మీద కూర్చుంది.

"విషం లేదు," అంది దాక్షాయణి. "యాసిడ్ లేదు. ఏ మందూ లేదు. క్రిములున్నయి. దవాఖానోళ్లు నుజహత్ కన్నుల చూసినయి ఏవో, సీసాల ఉన్నయి అవే. చన్నమ్మ డబ్బాల ఉన్నయి గూడ అవే."

"చెప్పలేదా మేడం?" రిజ్వానాకు ప్రాణం లేచొచ్చింది. "ఆమెనే అని చెప్పలేదా?"

"వీడియో ఎంతవరకు చూసినవ్?"

"పోసిన దాక."

"గల్లీ?"

"గా దాకనే చూపించిన."

దాక్షాయణి ఫోన్ తీసింది. చన్నమ్మ రెండు గరిటెలు పోసింది. రిజ్వానా ఆపిన చోటు దాటింది. చన్నమ్మ గంజును అడుగు నుంచి కలిపింది. తర్వాత అదే గరిటెతో కొత్త షాంపూ తీసి, ఖాళీ అయిన డబ్బాను మళ్లీ నింపుకుంది. మూత పెట్టింది. కళ్లకద్దుకుంది. డ్రమ్ము వెనక దాచింది.

వీడియో అయిపోయింది.

"విషం పోసేటోళ్లు పోసి పోతరు," అంది దాక్షాయణి. "పోసినదాంట్ల నుంచి మళ్ల తీసి దాచుకోరు. అవ్వా, ఎందుకు తీసినవ్? వీళ్లకు గూడ చెప్పు."

చన్నమ్మ వింతగా చూసింది. ఇది కూడా చెప్పాలా అన్నట్టు.

"తోడు బిడ్డా. తోడు లేకుంటె ఎట్ల? పోయిన ఎండకాలం ఒక గంజు మస్తు కుదిరింది. రెండు సంతలల్లనే అయిపోయింది. ప్రతిసారి అచ్చం గిట్లనే రావాలె చన్నమ్మా అన్నది రిజ్వానా. అచ్చం అట్లనే రావాల్నంటె దాంట్లది జర తీసి దీంట్ల వెయ్యాలె గద. దాంట్లకెల్లి తీసి పెట్టిన. గప్పటి నుంచి దాన్ని బతికించుకుంట వస్తున్న."

"దాచి ఎందుకేసినవ్?"

"తోడు నలుగురు చూస్తె దిష్టి. సంతల గూడ మూత పెట్టే తెద్దును."

"మరి చెడుతుండె కద?"

"చెడుతున్నదనే గద ఇంకో గరిటె ఎక్కువ పోసిన. పెరుగు కుదరకుంటె తోడు ఎక్కువ వెయ్యమా?"

సిద్ధేశ్వర్ తల దించుకున్నాడు. అంబదాస్ టోపీ తీసి చేతిలో పట్టుకున్నాడు.

దాక్షాయణి రిజ్వానా వైపు తిరిగింది. "పాత గంజుల నాల్గు క్రిములు మిగిలి ఉంటయి. అవి కొత్త గంజులకు పోయినయి. నువ్వు ప్రిజర్వేటివ్ పెంచినవ్. ఈమె తోడు పెంచింది. బలం లేనివి చచ్చినయి. నీ మందుకు చావనివి మిగిలినయి. అవే డబ్బాల చేరి, మళ్ల గంజులకు వచ్చినయి. గంజు గంజుకు ముదిరినయి. నువ్వు ఎంత జాగ్రత్త పడితె అంత మొండివైనయి."

రిజ్వానా గంజు అంచు పట్టుకుంది. "అన్ని చూసిన మేడం. నీళ్లు చూసిన, సీసాలు చూసిన, ఆకు చూసిన. రాత్రులు నిద్రపోలే. ఈమెను ఒక్క మాట అడగలే. అమ్మను ఏమని అడుగుతరు?"

కాసేపు ఏడ్చింది. తర్వాత కళ్లు తుడుచుకుంది. గొంతు మారింది.

"కానీ పోసింది ఆమెనే గద మేడం. నేను పొయ్యలే. వీడియో ఉన్నది. ఆమె పోసిందని రాయండ్రి. అబద్ధం కాదు గద."

"రాసుకో బిడ్డా," చన్నమ్మ వెంటనే అంది. "పగతోటే పోసిన అని రాసుకో. నేనెన్ని రోజులుంట? దీనికి పిల్లలున్నరు."

అందరూ రిజ్వానా వైపు చూశారు. వద్దు అంటుందని చూశారు. ఆమె అనలేదు. గంజులోకి చూస్తూ నిలబడింది.

దాక్షాయణికి ఒళ్లు మండింది. ఎవరి మీద మండిందో ఆమెకే తెలియలేదు.

"పగ లేదు. ఉన్నదని నేను రాయను. చేసింది నీ షెడ్డుల. అమ్మింది నువ్వు. లైసెన్స్ లేకుండ, ఒక్క టెస్ట్ లేకుండ. కేసు నీ మీదనే ఉంటది. ఆమె పేరు గూడ ఎక్కుతది. ఇద్దరు నడువుండ్రి."

"నా పిల్లలు మేడం?"

"మీ అన్నకు ఫోన్ చెయ్యి."

"అన్న మాట్లాడడు."

దాక్షాయణి అంబదాస్‌కు జీపు తెమ్మని సైగ చేసింది.

అప్పుడు ఫాతిమాబీ నోరు విప్పింది. "మేడం, ఒక్క మాట. నా బిడ్డ కన్ను ఎవరు గూడ కావాలని తియ్యలేదా?"

"లేదమ్మా."

"సిద్ధేశ్వర్ కాదు?"

"కాదు."

"ఈ ముసలామె?"

"మంచిగ రావాల్నని పోసింది. గంతే."

ఫాతిమాబీ తల ఊపింది. మళ్లీ ఊపింది.

"నుజహత్ నిన్న సూదిల దారం ఎక్కిద్దామని కూసున్నది. సూది ఒక దిక్కు, దారం ఒక దిక్కు. నేను ఎక్కించి ఇస్త అంటె సూది విసిరి కొట్టింది. గా దినం నుంచి నమాజ్ అయినంక రోజు శాపం పెడుతున్న మేడం. ఎవరు చేసిండ్రో వాళ్ల చేతులు పడిపోవాలె, వాళ్ల ఇల్లు కూలిపోవాలె అని. దాంతోనే లేస్తున్న, దాంతోనే పండుకుంటున్న. ఇగ ఎవరికి పెట్టాలె?"

చన్నమ్మ నేల మీద చేతులు ఆనించి కష్టంగా లేచింది. గడప దగ్గరికి నడిచింది. ఫాతిమాబీ ముందు కూర్చుని రెండు చేతులూ చాపింది.

"నాకు పెట్టు బిడ్డా. ఈ చేతులకే పెట్టు."

ఫాతిమాబీ ఆ చేతుల వైపు చూసింది. నోరు తెరిచింది. పెదాలు కదిలాయి. తర్వాత కొంగు నోట్లో కుక్కుకుని, గడపకు తల ఆనించి ఏడ్చింది. ఒక్క మాట తిట్టలేదు.

చన్నమ్మ చాపిన చేతులు వెనక్కి తీసుకోలేదు. అంబదాస్ వచ్చి భుజం తట్టి లేపేదాకా అలాగే కూర్చుంది.