రంగి మరిచిన పిల్ల

గొర్రెల మందలు కొండలెక్కితే మబ్బులేవో గొర్రెలేవో తెలియని కాలంలో కంబళగిరి అనే రాజ్యం ఉండేది. అక్కడ రాజుగారి సింహాసనం మీద కూడా పట్టుబట్ట పరిచేవారు కాదు, నల్లగొంగడే పరిచేవారు.

అలాంటి రాజ్యానికి ఒక ఏడు వింత కష్టం వచ్చింది. ఈనిన గొర్రె ఏదీ తన పిల్లను దగ్గరికి రానివ్వడం లేదు. వాసన చూసి ముఖం తిప్పుకునేది. పొదుగు వెతుక్కుంటూ వస్తే తలతో కుమ్మేది. పాలు లేక పిల్లలు సొమ్మసిల్లిపోతున్నాయి.

"ఇది నల్లగుట్ట రాక్షసి మాయ" అన్నాడు ఆస్థాన జ్యోతిష్కుడు. రాజు ధీరవర్మ వెంటనే చాటింపు వేయించాడు. మూడు రోజుల్లో మాయ విడిపించినవారిని మందలన్నిటికీ పెద్దను చేస్తాడట. విడవకపోతే మాయ సోకిన తల్లిగొర్రెలన్నిటినీ పులుల అడవిలోకి తోలిస్తాడట.

ఆ చాటింపు విని గుండె గుభేల్మన్న వాళ్లలో నీలవ్వ ఒకతె. ఆమెకు పెళ్లయి నెల తిరగలేదు. పుట్టింటి నుంచి తనతో తెచ్చుకున్నది ఒక్క గొర్రెను, రంగిని. రంగి ఆ తెల్లవారుజామునే ఈనింది. నుదుట తెల్లటి మచ్చ ఉన్న బుజ్జిపిల్ల. నీలవ్వ దానికి బొట్టు అని పేరు పెట్టింది. ఆ ఏడు రాకుమారి ముచ్చటపడిందని కోట నుంచి ప్రతి మందకూ వట్టివేళ్ల నీళ్లు కుండలతో వస్తున్నాయి. పుట్టిన పిల్లను పుట్టినట్టే ఆ నీళ్లతో కడగాలని ఆజ్ఞ. నీలవ్వ బొట్టును చెవుల వెనుక, తోక కింద కూడా వదలకుండా మురిపెంగా కడిగింది. తీరా తల్లి ముందు పెడితే రంగి ఒక్కసారి వాసన చూసి, పరాయిదాన్ని చూసినట్టు చూసి, తోసేసింది.

"నల్లగుట్టకు పోతున్న" అంది నీలవ్వ భర్త బీరన్నతో.

"ఒక్కదానివే?"

"రంగి ఉంది, బొట్టు ఉంది. ఒక్కదాన్నెట్లయిత?"

"మరి నేను లెక్కల లేనా?"

"నువ్వు మంద కాడ ఉండాలె. తల్లుల పాలు పిండి పిల్లలకు పట్టు. కలపకు. ఏ తల్లి పాలు ఆ పిల్లకే. ముర్రుపాలు ఎవరివి వాళ్లకే బలమని మా అవ్వ చెప్పేది. రొట్టెలు మాడబెట్టుకోకు."

బీరన్న నవ్వి, తన గొంగడి తీసి ఆమె భుజాల మీద కప్పాడు.

నీలవ్వ ముక్కు చిట్లించింది. "పొగ వాసన, గొర్రె వాసన."

"నా వాసన గూడ. కప్పుకొని పో."

ఆ గొంగడి మడతలో బొట్టును పెట్టుకుని నీలవ్వ బయలుదేరింది. రంగి వెంట నడిచింది కానీ, పిల్ల ఉన్న పక్కకు తల తిప్పితే ఒట్టు. నీలవ్వ పూటకు నాలుగుసార్లు ఆగి, రంగి పాలు పిండి, ఉన్ని చివర ముంచి బొట్టుకు చప్పరించడానికి ఇచ్చేది.

అడవి మొదట్లోనే లోయకు అడ్డంగా రెక్కల పొట్టేలు నిలబడి ఉంది. దాని కొమ్ములు బండి చక్రాలంత ఉన్నాయి.

"ముందుకు అడుగు వేస్తే కుమ్మేస్తాను" అంది పొట్టేలు. "నా కొడుకు పుట్టి రెండు రోజులైంది. అప్పటి నుంచి ఒకటే ఏడుపు. వాడి ఏడుపు ఆపేదాకా ఎవరినీ పోనివ్వను."

నీలవ్వ ఆ పిల్ల గడ్డం పట్టుకుని కళ్లలోకి చూసింది. "ఇది ఏడుపు కాదు, పొట్టేలు మామా. కింది రెప్ప లోపలికి మడతపడ్డది. దాని వెంట్రుకలు కన్నును గీకుతున్నయి."

బొటనవేలితో రెప్పను మెల్లగా బయటికి లాగింది. వదిలితే మళ్లీ లోపలికి పోయింది. మళ్లీ లాగింది. పొద్దు నడినెత్తికి వచ్చేసరికి రెప్ప నిలబడింది. పిల్ల మొదటిసారి కళ్లు తెరిచి లోకాన్ని చూసింది. దానికి ముందుగా కనిపించింది ఒక ఎర్ర తూనీగ. దాని వెంట పడి పల్టీ కొట్టింది.

పొట్టేలు మామ ముగ్గురినీ వీపు మీద ఎక్కించుకుని ఏడు లోయలు దాటించి, ఒక ముని ఆశ్రమం ముందు దింపింది.

అక్కడ ముని ఒడిలో అప్పుడే పుట్టిన జింకపిల్ల కట్టెలా బిగుసుకుని ఉంది. ఆయన దాని నోట్లో పాలు పోయబోతున్నాడు.

"ఆగు సామీ" అంటూ నీలవ్వ పిల్ల నోట్లో వేలు పెట్టి చూసింది. "నోరు చల్లగుంది. చల్లబడ్డ పిల్లకు పాలు పోస్తే అరగవు. ముందు వెచ్చబెట్టాలె."

"నూరేళ్లు తపస్సు చేశానమ్మా, ఈ సంగతి తెలియలేదు" అన్నాడు ముని చిన్నబోయి.

"నువ్వు గొర్లు కాయలే కద సామీ."

హోమగుండం పక్కన, బొట్టు పక్కనే, గొంగడిలో జింకపిల్లను చుట్టి పడుకోబెట్టింది. చాలాసేపటికి ఒక చెవి కదిలింది. ఆ తరువాత తల లేచింది. ఆకలేసి ముని గడ్డాన్నే చప్పరించడం మొదలుపెట్టింది. గడ్డం విడిపించుకోవడానికి కూడా మనసు రాక ఆయన అలాగే కూర్చున్నాడు. మర్నాడు ఉదయం నీలవ్వ చేతిలో ఒక ఊదారంగు పండు పెట్టాడు. "ఇది తింటే ఒక గడియసేపు నీకు గొర్రె ముక్కు వస్తుంది. అవసరమైనప్పుడు తిను."

ఆ పొద్దే ముగ్గురూ నల్లగుట్ట ఎక్కారు. అక్కడ గుహ ముందు రాక్షసి కాళ్లు బార్లా చాపుకుని, కదురు తిప్పుతూ ఉన్ని వడుకుతోంది. ఆమె కోరలు నాగలి కర్రుల్లా ఉన్నాయి.

"అవ్వా, మా గొర్ల మీద పెట్టిన మాయ తీసెయ్యి" అంది నీలవ్వ.

"ఏ మాయనే? మీ ఊర్ల పాలు విరిగితే నేనే, వాన పడకుంటే నేనే. నాకు ఇంకో పని లేదా?" అని రాక్షసి చప్పట్లు కొట్టింది. నీలవ్వ గొంగడి మడత ఖాళీ అయింది. గుహ ముందు నూరు బొట్లు నిలబడ్డాయి. నూరింటి నుదుటా తెల్లమచ్చ, నూరింటి ఒంటి మీదా వట్టివేళ్ల వాసన. "పైకి కానొచ్చేదంతా ఒకటే చేసిన. నీ పిల్లను పట్టుకో, మాయ ఎవరిదో నీకే తెలుస్తది. తప్పినవంటే అది నా మందలనే ఉంటది."

నీలవ్వ పండు తింది. మరుక్షణం లోకమంతా వాసనలతో నిండిపోయింది. గాలిలో వాన, రాతి కింద తేలు, దూరంగా పొట్టేలు మామ. వంగి పిల్లల తలలు వాసన చూసింది. వట్టివేరు. వట్టివేరు. మళ్లీ వట్టివేరే. ఏ తలలోనూ తల్లి జాడ లేదు. తనే రంగి అయితే వీటిని పరాయివనే అనుకునేది.

నీలవ్వ అక్కడే కూలబడింది.

"అవ్వా, మాయ నీది కాదు. నాది. ఈ చేతులతోనే కడిగిన. తల్లి వాసన నేనే కడిగేసిన."

"ఇప్పుడు కన్ను తెరిచినవ్" అంది రాక్షసి. ఆమె గొంతు మెత్తబడింది. "కానీ ఇంకా పిల్ల దొరకలే."

అంతలో ఆకలేసిన పిల్లలన్నీ చుట్టుముట్టాయి. వాటిలో ఒకటి నీలవ్వ ముఖానికి ఎదురుగా తోక ఆడించింది. ఆ తోక కింద, వట్టివేరు వదిలిపోయిన చోట, సన్నగా, వెచ్చగా, తియ్యగా ఒక వాసన. రంగి వాసన. రెండు రోజులుగా తాగిన తల్లి పాలు ఒంట్లో తిరిగి, అక్కడ మళ్లీ తల్లి వాసనై మొలిచాయి.

"ఇదే నా బొట్టు" అని ఎత్తుకుంది నీలవ్వ. తక్కిన తొంభై తొమ్మిదీ పొగలా మాయమయ్యాయి.

బొట్టు తోకను రంగి ముక్కు దగ్గర పెట్టింది. రంగి అలవాటుగా ముఖం తిప్పుకోబోయి ఆగింది. ఒకసారి పీల్చింది. మళ్లీ పీల్చింది. తరువాత గొంతులోనే, తల్లిగొర్రెలు తమ పిల్లలతో మాత్రమే అనే ఆ సన్నటి గురగుర మొదలుపెట్టింది. బొట్టు పొదుగు కిందికి దూరి, తోకను గిరగిరా తిప్పుతూ కడుపారా తాగింది. రాక్షసి కదురు కిందపెట్టి కొంగుతో కళ్లు ఒత్తుకుంది.

"ఇంత ఉప్పు తీసుకపో" అంది. "తల్లి పాలల్ల కలిపి పిల్ల వీపు మీద రాయి. ఉప్పు రుచికి తల్లి నాకుతది. నాకిందంటే ఇగ వదలదు."

మూడోనాడు పొద్దు వాలకముందే పొట్టేలు మామ వాళ్లను మంద దగ్గర దింపింది. తల్లిగొర్రెలను తోలడానికి అప్పటికే సైనికులు వచ్చి ఉన్నారు. రాజుగారూ, ఆరేళ్ల రాకుమారీ కూడా ఉన్నారు. బీరన్న మంద ముందు చేతులు చాచి అడ్డం నిలబడ్డాడు.

"నీలీ, నిన్న సాయంత్రం నుంచి కొన్ని తల్లులు పిల్లల తోకలు వాసన చూస్తున్నయి. ఎందుకో సమజైతలేదు."

నీలవ్వకు అర్థమైంది. ఏ తల్లి పాలు ఆ పిల్లకే పట్టాడు మరి. ఉప్పు తీసి, పాలలో కలిపి, రాజుగారి కళ్లముందే ఒక పిల్ల వీపున రాసింది. తల్లిగొర్రె వచ్చి నాకింది. గురగురమంది. పిల్ల పొదుగందుకుంది. మందలో ఒకదాని తరువాత ఒకటిగా ఆ గురగుర పాకింది.

జరిగిందంతా విని రాకుమారి పెదవి వణికింది. "నేను మంచి వాసన రావాలనే అనుకున్నాను."

"నేను గూడ గట్లనే అనుకున్న తల్లీ" అంటూ నీలవ్వ బొట్టును ఆమె చేతుల్లో పెట్టింది. రాకుమారి కళ్లు మూసుకుని దాని మెడలో ముక్కు దూర్చి, "గొర్రె వాసనే బాగుంది" అని తీర్పు చెప్పింది. వట్టివేళ్ల కుండలు ఆ రోజే కోటకు తిరిగి వెళ్లాయి. రాజు తన చేతులతో నీలవ్వకు మందలకు పెద్ద పట్టే కర్రను ఇచ్చాడు. ఆ ఏటి నుంచి నల్లగుట్ట రాక్షసికి కంబళగిరి మొదటి ఉన్ని కానుకగా వెళ్లేది.

సైనికులు వెళ్లిపోయాక బీరన్న దాచి ఉంచిన రొట్టె తెచ్చాడు. ఒక పక్క మాడింది. నీలవ్వ గొంగడి తిరిగి ఇవ్వబోయి, ఏదో గుర్తొచ్చి, ఒకసారి దాన్ని ముఖానికి ఆనించుకుంది.

"పొగ వాసన, గొర్రె వాసన అంటివి కదా" అన్నాడు బీరన్న.

"నూరు మంది బీరన్నలను నిలబెట్టినా నిన్ను పట్టుకుంట" అంది నీలవ్వ. గొంగడి మాత్రం తిరిగి ఇవ్వలేదు.