తడిసిన కోడిపుంజు పాట ఎవరిది

డెల్ఫీ మా ఫిడేళ్ళ కొట్లో అడుగుపెట్టగానే నా బేరం చెడగొట్టింది.

ఆ మధ్యాహ్నం వాన. పొరుగు రాష్ట్రం నుంచి వచ్చిన ఒకాయనకు పాత ఫిడేలు అంటగట్టే పనిలో ఉన్నాను. ఫిడేలు గుణం మాటల్లో చెప్తే ఎవరూ నమ్మరు, వాయించి చూపాలి. ‘తడిసిన కోడిపుంజు’ పాట ఎత్తుకోబోతూ మా కెంటకీ కొండల్లో పద్ధతి ప్రకారం ముందు చెప్పాల్సింది చెప్పాను.

"ఇది మా ఐసీ పెద్దమ్మ దగ్గర నేర్చుకున్నాను."

రెండు వరసలు వాయించానో లేదో, "అబద్ధం" అని గుమ్మంలోంచి ఒక గొంతు. "అది ఈనస్ పాట. మా నాన్న పాట. కౌంటీ అంతటికీ తెలిసిన సంగతి నీకు తెలియకపోతే కొట్టు కట్టేసుకో."

గొడుగు లేదు. జుట్టు చివర్ల నుంచి నీళ్ళు నేల మీద కారుతున్నాయి. చేతిలో ఫిడేలు కమాను పెట్టె మాత్రం పొడిగా ఉంది. ఒంటి మీది స్వెటర్ విప్పి దానికి చుట్టి తెచ్చింది. సరుకును అలా చూసుకునే మనిషి నాకు వెంటనే నచ్చుతుంది. కానీ ఆ పెద్దమనిషి అప్పటికే టోపీ పెట్టుకుని బయటికి నడిచాడు.

"బేరం పోయింది," అన్నాను.

"దొంగ సరుకు కదా, పోతుంది."

"కమానుకి వెంట్రుకలు మార్చాలా, నన్ను తిట్టడానికే ఇంత వానలో వచ్చావా?"

"రెండూ. తిట్లు ఊరికే ఇస్తాను."

అలా మొదలైంది. కొండకు అవతలి బడిలో పిల్లలకు పాఠాలు చెప్పేదట. ఆ తర్వాత ప్రతి శనివారం ఏదో తీగ తెగిందని వచ్చేది. ఏ ఫిడేలూ అన్ని తీగలు తెంపదు. నేను అడగలేదు. వచ్చిన గిరాకీని ఎందుకొచ్చావని అడిగే వ్యాపారి బాగుపడడు. తీగ చుట్టి ఇస్తే, దాన్ని అక్కడే విప్పి, బాగోలేదని ఇంకోటి అడిగేది. ఆ కాసేపూ నా వైపు చూడనట్టు చూసేది.

ఒకసారి, "ఈనస్ మామయ్య ఎలా ఉన్నాడు?" అన్నాను.

"మామయ్యా? అప్పుడే వరస కలిపేశావా?"

"పెద్దవాళ్ళని ఎవరినైనా మామయ్యే అంటాం కదా."

"ఇందాక బయటికి వెళ్ళిన ముసలాయన్ని ‘ఏవయ్యా’ అన్నావు. విన్నాను."

ఆ పాట తగువే లేకపోతే మా ఇద్దరి లెక్కా అప్పుడే తేలిపోయేది.

ఆ ఏడు మా కౌంటీ వాళ్ళు కోర్టు పక్కన రాతిగోడ కట్టి, ఈ నేల మీద పుట్టిన ఫిడేలు వాళ్ళ పేర్లూ, బాంజో వాళ్ళ పేర్లూ, పాటగాళ్ళ పేర్లూ చెక్కిస్తున్నారు. మొదటి వరసలో ఈనస్ రాట్లిఫ్. గోడ ఆవిష్కరణ రోజు ఆయన తన పాట వాయించాలి. మా దగ్గర పాట ఎవరిస్తే వాళ్ళ పేరు ముందు చెప్పాలి. చెప్పలేదంటే సొంతంగా కట్టాడని అర్థం. యువకుడిగా ఉన్నప్పుడు ఈనస్ రేడియోలో ఎవరి పేరూ చెప్పకుండా వాయించాడు. అప్పటి నుంచి అది ఈనస్ పాట.

"గోడ మీద పెద్దమ్మ పేరు కూడా ఉండాలి," అన్నాను డెల్ఫీతో.

"మా నాన్నని అందరి ముందూ దొంగని చేస్తావా?"

"నేనెందుకు చేస్తాను? ఆయనే చెప్తే సరిపోతుంది."

"చెప్పకపోతే?"

"నేను లేచి అడుగుతాను."

డెల్ఫీ తీగ బల్ల మీదే వదిలేసింది. "అడుగు. ఆ తర్వాత నీ కొట్టు ముందు నుంచి కూడా నడవను."

తక్కెడ రెండు పళ్ళేల్లోనూ నాకు నష్టమే కనబడింది. ఇంటికి వెళ్ళి పెద్దమ్మకు చెప్పాను. మా అమ్మకు అక్క. పెళ్ళి చేసుకోలేదు. నన్ను పెంచింది ఆవిడే. బీన్స్ ఈనెలు తీస్తూ విన్నది.

"నువ్వేం అడగొద్దు, వెస్. అడిగి చెప్పించుకున్న పేరు నాకెందుకు?"

"మరి అంతా ఆయనదే అనుకోనిస్తావా?"

పెద్దమ్మ గిన్నె పక్కన పెట్టింది. "మా నాన్న చర్చిలో పెద్ద. ఫిడేలు సైతాను పెట్టె అనేవాడు. నేను పశువుల కొట్టంలో దొంగతనంగా వాయించేదాన్ని. ఈనస్ అక్కడికే వచ్చి నేర్చుకున్నాడు. రేడియోకి వెళ్తున్నానంటే, నా పేరు చెప్పు అన్నాను. నా పేరు గాల్లోకి వెళ్తే నాన్న ఇంట్లోంచి గెంటేస్తాడు. గెంటేస్తే నీతో వచ్చేస్తాను, నా పేరు వినబడటమే మన గుర్తు అన్నాను. కోటు వేసుకుని పక్కింట్లో రేడియో పక్కన కూర్చున్నాను. పాట వచ్చింది. పేరు రాలేదు."

"తర్వాత?"

"తర్వాతేముంది. కోటు విప్పాను."

మర్నాడు కొండ దాటి డెల్ఫీ బడికి వెళ్ళాను. పెద్దమ్మ చెప్పిందంతా చెప్పాను. అడగనని కూడా చెప్పాను. ఆమె చేతిలోని సుద్ద ముక్క బల్ల మీద పెట్టింది.

"మా నాన్న ఆ పాట ఇంట్లో ఎప్పుడూ వాయించడు," అంది. "అమ్మ ఉన్నప్పుడూ వాయించలేదు, పోయాకా వాయించలేదు. పెద్ద కళాకారుడి బింకం అనుకున్నాను."

"ఆయనతో చెప్తావా?"

"కోటు సంగతి చెప్తాను. ఏం చెయ్యాలో ఆయన ఇష్టం."

గోడ ఆవిష్కరణ రోజు పెద్దమ్మ ట్రక్కు దిగనంది. అద్దం మాత్రం దించింది. జనం కుర్చీల్లో సర్దుకున్నారు. ఈనస్ వేదిక మీదికి వచ్చి ఫిడేలు భుజానికి ఆనించుకుని, మళ్ళీ దించాడు. డెల్ఫీ నా పక్క కుర్చీలో ముందుకు జరిగింది.

"ఈ పాట నేను కట్టింది కాదు. దీని పేరు తడిసిన కోడిపుంజు. ఐసీ టాకెట్ దగ్గర నేర్చుకున్నాను. ఈ మాట నేను రేడియోలోనే చెప్పాల్సింది."

తర్వాత వాయించాడు. చప్పట్లు ఆగకముందే దిగి, ఫిడేలు చేత్తో పట్టుకునే మా ట్రక్కు దగ్గరికి వచ్చాడు. వెనకాలే మేమూ వచ్చి కాస్త ఎడంగా నిలబడ్డాం.

"నీ పేరు చెబితే మీ నాన్న నిన్ను చర్చిలో అందరి ముందూ దోషిలా నిలబెడతాడని భయపడ్డాను, ఐసీ. నిన్ను కాపాడుతున్నాననే అనుకున్నాను."

"నిలబెట్టనీ అనే కదా చెప్పమన్నది?"

"వారం తిరక్కుండా మీ ఇంటికి వచ్చాను. నువ్వు నా మొహం చూడనన్నావని మీ నాన్న చెప్పాడు."

"అన్నాను. ఆ ఒక్కసారి ఆయన నిజమే చెప్పాడు."

ఈనస్ తల వంచుకున్నాడు. పెద్దమ్మ ఆయన చేతిలో ఫిడేలు వైపు చూసింది.

"రెండో భాగం తప్పు వాయిస్తున్నావు. రేడియోలో విన్నప్పుడల్లా పళ్ళు కొరుక్కున్నాను."

"సరిచెయ్యి."

అల్లం కొమ్ముల్లా మెలితిరిగిన వేళ్ళు పైకెత్తి చూపించింది. "వీటితోనా?"

"నోటితో పాడు. పట్టుకుంటాను."

ఆ రెండో భాగం నాక్కూడా ఎప్పుడూ నేర్పలేదు. సన్నగా ఎత్తుకుంది. ఆయన తప్పినప్పుడల్లా ట్రక్కు తలుపు మీద అరచేత్తో కొట్టి ఆపేది.

"ఏం లెక్కలు వేస్తున్నావు?" అంది డెల్ఫీ.

"వీళ్ళకెంత పోయిందో."

"తేలిందా?"

"తేలేది కాదు."

"నన్ను కాపాడుతున్నాననుకుని నువ్వేమైనా చెప్పకుండా దాచావా, వెస్?"

"ఒకటుంది."

"చెప్పు. నా మొహం చూసి చెప్పు."

బేరమాడే మాటలన్నీ ఆ పూట నోటికి రాలేదు. ఉన్నది ఉన్నట్టు, నువ్వంటే ఇష్టం, నాతో ఉండిపో అన్నాను. ఆమె చలికి ఎర్రబడ్డ చేతిని తెచ్చి నా కోటు జేబులో, నా చేతి పక్కన పెట్టింది.

ట్రక్కులో పాట మధ్యలో ఆగిపోయింది.

"ఇక్కడ ఇంకో వరసేదో ఉండేది," అంది పెద్దమ్మ. నొసలు రుద్దుకుంది. "వాయించక వాయించక పోయింది, ఈనస్."

ఈనస్ కమాను తీగల మీద ఆనించి, కదపకుండా, ఆవిడ మొహంలోకి చూస్తూ ఆగాడు. గుర్తొచ్చేదాకా ఆగేలా ఉన్నాడు.