పిల్ల సర్ది

బోధన్‌లో చెరుకు బండ్లు ఫ్యాక్టరీ దారి పట్టే కాలం. రుక్మాబాయి గడపలో కూర్చుని పాలబువ్వ కలిపి మనుమరాలిని పిలిచింది. మూడేళ్ల రేణు ముక్కు కార్చుకుంటూ వచ్చి ఒళ్లో పడింది. ఆ ముక్కును కొంగుతో తుడిచి, అదే కొంగుతో రుక్మాబాయి తన మొహమూ తుడుచుకుంది. ముద్ద ఇంకా పిల్ల నోటిదాకా పోలేదు. కోడలు ప్రమీల వచ్చి పిల్లను లాక్కొని, లోపలి అర్రలోకి పోయి తలుపేసింది.

ఎదురు అరుగు మీద బీడీలు చుడుతున్న నాగవ్వ కత్తెర ఆపింది. "ఏందక్కా, నీ కోడలు పిల్లను అంటుకోనిస్తలేదా?"

రుక్మాబాయి పాలబువ్వ గిన్నె పక్కన పెట్టింది. రేణు పుట్టిన ఏడు చలికాలం నుంచి ఆమెకు దమ్ము. వచ్చిందంటే ఊపిరి ఈల వేస్తుంది, నడుం వాల్చనివ్వదు. క్షయ కాదని నిజామాబాద్ డాక్టరు తేల్చాడు. పొగాకు దుమ్మేమోనని ప్రమీల తన బీడీల చాటను నాగవ్వ అరుగు మీదికి మార్చింది. అయినా ఆగలేదు. మొన్న మళ్లీ దవాఖానకు పోయినప్పుడు డాక్టరు కోడలితో విడిగా మాట్లాడాడు. అప్పటి నుంచి కోడలి తీరే మారింది. ఒకనాడు పిల్లను ఇస్తుంది, ఇంకోనాడు గుంజుకుంటుంది.

కొడుకు దేవిదాస్ ఫ్యాక్టరీ డ్యూటీ దిగి వచ్చేసరికి ఆమె చీరలు మూట కట్టింది.

"యాడికే అవ్వా?"

"జక్రాన్‌పల్లి, మా తమ్ముని ఇంటికి. టీబీ ముసలిదాన్ని మీరెన్నొద్దులు సాకుతరు?"

"టీబీ అని ఎవలన్నరే?"

"తలుపన్నది! నోటితోని అనాల్నా?"

దేవిదాస్ అర్ర తలుపు తీసి వచ్చిన భార్య వైపు చూశాడు. "ఇగనన్న చెప్పు."

"నేను చెప్ప."

"ఏందే చెప్పనిది?" రుక్మాబాయి గట్టిగా అడగబోయింది. దగ్గు అడ్డం పడింది. ప్రమీల పరుగున పీల్చే మందు తెచ్చింది. అత్త ఆ చేతిని నెట్టేసింది. "ముందు చెప్పు!"

"నీది పిల్లకు అంటుతదని కాదత్తా. పిల్లది నీకు అంటుతదని! సర్ది మనకైతే నాలుగొద్దులు ముక్కు కారి పోతది. నీకు ఛాతిలకు దిగి దమ్ము లేపుతదట. సర్ది ఇంట్ల ముందుగాల ఎవలకొస్తదని డాక్టర్ అడిగిండు. యాది చేసుకుంటే ప్రతిసారి పిల్లకే."

"గీ ముచ్చట నాకు చెప్తే ఏం పోతుండె?"

ప్రమీల మందును అత్త ముందు పెట్టింది. "పిల్ల పుట్టినంకనే దమ్ము పట్టుకున్నది, దాని అడుగు మంచిది కాదని నువ్వే నాగవ్వతోని అన్నవు. నేను ఇన్న. ఇగ నీ దమ్ము పిల్ల నుంచే అని నేనే చెప్తే, నా బిడ్డ బతుకంత గా మాట పడాల్నా?"

రుక్మాబాయి చేతిలో మూట జారింది. అన్నది నిజమే. బీడీల ముచ్చట్ల మధ్య ఊరికే అన్న మాట. ఆ పూటే మరిచిపోయింది. కోడలు మాత్రం ఇన్నాళ్లూ మోసింది.

ఆమె చేయి చాపి మందు తీసుకుంది. ఊపిరి కుదుటపడ్డాక కొంగు చూసుకుంది. చీర మార్చి, విడిచినదాన్ని సబ్బు నీళ్లలో నానేసింది. మొహం, చేతులు కడుక్కుని, వాకిట్లో అర్ర కిటికీకి ఎడంగా పీట వేసుకుంది.

"రేణూ! సర్ది తగ్గేదాక మన ముచ్చట్లు గీ కిటికీలకెల్లే బిడ్డా."

నాగవ్వ తల తిప్పింది. "బయట కూసోబెట్టిండ్రా అక్కా?"

"నేనే కూసున్న. ఇను నాగవ్వా, నాడు నేను తప్పు మాట అన్న. నా మనుమరాలి అడుగు బంగారం. నా ఛాతే మంచిది కాదు."

లోపల ప్రమీల కళ్లు నిండాయి. తుడుచుకుందామంటే చేతుల నిండా పిల్ల చీమిడి. అట్లాగే కారనిచ్చింది.