నడిచే ముల్లు

పూర్వం మణికేతనమనే రాజ్యంలో ఒకనాడు సూర్యుడు నడినెత్తిన ఆగిపోయాడు. ఆగినవాడు మళ్లీ కదల్లేదు. చేలు మాడి మసైపోయాయి, బావుల్లో బురద కూడా ఎండిపోయింది. ఆ ఎండలోనే పుట్టిన పసిపిల్లలకు చీకటంటే ఏమిటో తెలియలేదు.

ఇదంతా కరాళదంతుడనే రాక్షసుడి నిర్వాకం. వాడు ఘోరతపస్సు చేసి మనుషులను తినే వరం సంపాదించాడు. కానీ వరమిచ్చిన దేవత తెలివైనది. "మిట్టమధ్యాహ్నం మాత్రమే తినాలి. పొద్దు వాలితే ఒక్క మెతుకు ముట్టినా నీ కడుపు పగులుతుంది," అని షరతు పెట్టింది. ఆ తిండిపోతుకు అంత కాస్త వేళ ఏ మూలకు సరిపోతుంది? అందుకని వాడు మధ్యాహ్నాన్నే ఆపేయాలనుకున్నాడు.

ఆ రాజ్యంలో గడియారం ఒక్కటైనా నడుస్తున్నంతవరకు సూర్యుడు ఆగడు. అది దేవతల కట్టడి. కరాళదంతుడి భటులు కోటలోని గంటల గడియారాన్ని గదలతో పిండి చేశారు. నీటి గడియారాలను తన్ని పగలగొట్టారు. అడ్డుపడ్డ కాపలావాళ్ల తలలు నరికి గుమ్మాలకు వేలాడదీశారు. విజయధ్వజ మహారాజు పంపిన సైన్యం బండ్లలో ముక్కలై తిరిగివచ్చింది. ఆ తర్వాత మహారాజు నేలమాళిగలో దూరి తలుపు వేసుకున్నాడు. ఆయనను గురించి ఇంతకంటే చెప్పడానికి నాకు మనసు రావడం లేదు.

కోట వెనుక ఏనుగుల సాలల దగ్గర కేశవుడనే మావటి, అతని చెల్లెలు వకుళ ఉండేవారు. తల్లీతండ్రీ లేని వకుళను కేశవుడే పెంచాడు. ఆ పిల్లకు ఒక వింత సరదా. ఓడవర్తకుడు ద్వీపాల నుంచి తెచ్చిన ఒక పెట్టెను అన్నచేత కొనిపించుకుంది. అందులో ముంజేతి గడియారం ఉంది, కానీ అంతా విడివిడి ముక్కలే. ఆవగింజంత మరమేకులు, పళ్లచక్రాలు, కీ ఇస్తే బిగుసుకునే చుట్టతీగ, ఇరుసు తిరగడానికి ఒక కెంపు, అంకెల బిళ్ల, అద్దం, ముళ్లు. ఎవరికి వారు కూర్చుకుని, నడిపించుకుని, చేతికి కట్టుకోవాలి.

"కొనుక్కుంటే తిరిగేది కొనుక్కోవాలి గానీ, ఈ పప్పుబద్దల మూట ఏమిటే?" అని కేశవుడు రోజూ ఏడిపించేవాడు.

"తిరిగేది కొంటే నాకేం పని మిగులుతుంది అన్నా?" అనేది వకుళ. శ్రావణంతో, అంటే కంసాలులు వాడే సన్నటి పట్టకారుతో, చక్రాన్ని పట్టుకుని, ఊపిరి బిగపట్టి, దాని చోట దాన్ని కూర్చోబెట్టేది. ఊపిరి వదిలితే ముక్క ఎగిరిపోతుంది మరి.

సూర్యుడు ఆగాక కూడా మిగిలిన గడియారాల కోసం ఇల్లిల్లూ వెతుకుతూ, చాలాకాలానికి భటులు ఆ ఇంటికీ వచ్చారు. పెట్టెలో ముక్కలు చూసి, ఇది గడియారం కాదు చెత్త అని నవ్వుకున్నారు. అయినా చేతివాటం పోనిచ్చుకోక మెరిసే చుట్టతీగనూ కెంపునూ కాజేశారు. కేశవుడు గునపంతో ఇద్దరి పుర్రెలు బద్దలుకొట్టాడు. మిగిలినవాళ్లు అతన్ని గొలుసులతో కట్టి కరాళదంతుడి వంటశాలకు ఈడ్చుకుపోయారు. మట్టిలో అతని మడమలు గీసిన చాళ్లు చూస్తూ వకుళ గుండెలు బాదుకుని ఏడ్చింది.

ఏడ్చినంతసేపు ఏడ్చి, ముఖం తుడుచుకుంది. తండ్రి వాడిన అంకుశం నడుముకు దోపుకుంది. పెట్టె చంకన పెట్టుకుని అడవి దారి పట్టింది.

అడవి మొదట్లో కుండలముని ఆశ్రమం ఉంది. భటులు ఆయన కాళ్లు రెండూ విరగ్గొట్టి పోయారు. వకుళ కట్టుకట్టి నీళ్లు తాగించాక ఆయన పెట్టెలోకి తొంగిచూశాడు.

"తల్లీ, ఈ రాజ్యంలో వాళ్లు పగలగొట్టకుండా వదిలేసిన గడియారం ఇదొక్కటే. దీన్ని నడిపించు. సూర్యుడు కదిలితే వాడి భోజనం వేళ దాటిపోతుంది, నీ అన్న మిగులుతాడు."

"రెండు ముక్కలు పోయాయి స్వామీ."

ముని కళ్లు మూసుకుని దివ్యదృష్టితో చూశాడు. "భటులు చుట్టతీగను రాబందుల గుట్ట మీది ఇనుపముక్కు రాబందుకు ఇచ్చారు. అది పెళ్లానికి ముక్కుపోగు చేయించిందట. కెంపు కరాళదంతుడి కోట వాకిట్లో కాపలా ఉండే రాక్షసి దగ్గరుంది. తొందరగా పో. వాడికి ఆకలి ఆగదు."

రాబందుల గుట్ట నిండా ఎముకలే. ఆడరాబందు ముక్కుకు చుట్టతీగ వేలాడదీసుకుని, నెత్తుటి మడుగులో తన అందం చూసుకుంటోంది.

"ఎవరే నువ్వు?" అంది.

"ముక్కుపోగు తిరగేసి పెట్టుకున్నావమ్మా. చూస్తే నవ్వొస్తోంది. ఇలా తే, సరిచేస్తాను," అంది వకుళ.

సింగారం మీద మోజు రాబందుకైనా ఒకటే. అది మెడ వంచింది. వకుళ ఒక చేత్తో తీగను ఊడదీసి, రెండో చేత్తో అంకుశం దాని గొంతులో దింపింది. అరుపు విని మొగరాబందు మీదికి దూకి, ఇనుపముక్కుతో ఆమె భుజం మాంసం ఊడబెరికింది. వకుళ నొప్పికి కళ్లు బైర్లుకమ్మి, గుట్ట మీంచి దానితోపాటే దొర్లింది. దొర్లుతూనే అంకుశం కొక్కేన్ని దాని రెక్కలో తగిలించి మెలితిప్పింది. కిందికి చేరేసరికి పక్షి మెడ రాతికి తగిలి విరిగింది. తీగ మాత్రం ఆమె గుప్పిట్లో భద్రంగా ఉంది.

కరాళదంతుడి కోట వాకిట్లో రాక్షసి బండరాయి మీద కూర్చుని ఉంది. దానికి ఒకటే కన్ను. పోయిన కంటి గుంటలో కెంపును పొదిగించుకుంది. ఎదురుగా పెద్ద కాగులో నూనె సలసల కాగుతోంది.

"పిల్లా, నిజం చెప్పు. నా కొత్త కన్ను ఎలా ఉంది?"

వకుళకు అబద్ధం నోటిదాకా వచ్చింది. కానీ అలసిపోయి ఉంది, భుజం మండిపోతోంది, ఓపిక చచ్చిపోయింది. "అది కన్ను కాదు, నా గడియారంలో ముక్క. దాంతో నీకు ఏమీ కనబడదు," అనేసింది.

రాక్షసి ఉగ్రంగా లేచి ఆమె జుట్టు పట్టి కాగు మీదికి ఎత్తింది. వేడి ఆవిరికి వకుళ అరికాళ్లు బొబ్బలెక్కాయి. ఆమె వేలాడుతూనే అంకుశంతో దాని బాగున్న కన్ను పొడిచింది. గుడ్డిదైన రాక్షసి గింగిరాలు తిరుగుతూ కాగు అంచు తట్టుకుని తలకిందులుగా నూనెలో పడింది. జుట్టు వదిలిన క్షణంలో వకుళ పొయ్యి గట్టున పడింది. కాళ్లు మాత్రమే పైకి కనబడుతున్న ఆ కళేబరాన్ని కొక్కేంతో బయటికి లాగి, కెంపు పెకలించుకుంది. ఆ పని చేస్తూ వాంతి చేసుకుంది కూడా. ధైర్యవంతులు వాంతి చేసుకోరని మీకెవరైనా చెప్పి ఉంటే, వాళ్లకు తెలియదు.

వంటశాలలో మనుషులు ఇంకెవరూ మిగల్లేదు. కేశవుడొక్కడే స్తంభానికి కట్టి ఉన్నాడు. కరాళదంతుడు కొండంత ఒళ్లుతో పీట మీద కూర్చుని, కత్తి నూరుకుంటున్నాడు. వకుళ పెద్ద రోలు వెనుక నక్కి పెట్టె తెరిచింది. అన్న కళ్లు ఆమె కళ్లను కలిశాయి. ఆమె చేతిలో శ్రావణం చూడగానే అతనికి అంతా అర్థమైంది.

"ఏమయ్యా కరాళదంతా," అన్నాడు కేశవుడు గట్టిగా, "నీ వంట కంపు కొడుతోంది. మా ఏనుగులు కూడా ఆ పులుసు ముట్టవు."

రాక్షసుడు కత్తి పక్కన పడేసి వచ్చి అతని పక్కటెముకల మీద గుద్దాడు. ఎముక విరిగిన చప్పుడు వకుళకు వినబడింది. ఆమె వేళ్ల మధ్య చుట్టతీగ ఉంది. చెయ్యి వణికితే అది ఎగిరిపోతుంది. ఆమె ఊపిరి బిగపట్టి దాన్ని దాని గుండ్రటి డబ్బాలో కూర్చోబెట్టింది.

"ఇంతేనా నీ బలం?" అన్నాడు కేశవుడు నెత్తురు కక్కుతూ. "మా గున్న ఏనుగు ఇంతకంటే గట్టిగా తంతుంది."

ఇంకో గుద్దు. ఇంకో ఎముక. వకుళకు అరవాలనిపించింది, పరుగెత్తి వాడి పీక కొరకాలనిపించింది. అన్న తనకోసం ఆ దెబ్బలు కొని తెచ్చుకుంటున్నాడు. ఒక్క దెబ్బ కూడా వృథా కాకూడదని పళ్లు బిగించింది. కెంపును దాని గుంటలో దించింది. చక్రాన్ని ఇరుసుకు ఎక్కించింది. మరమేకులు తిప్పింది, ముళ్లు తొడిగింది. కేశవుడి గొంతు ఆగిపోయింది. అద్దం పెట్టే వ్యవధి ఇక లేదు. కీ ఇచ్చింది.

గడియారం నడిచింది.

వంటశాల గుమ్మంలో స్తంభం నీడ మెల్లగా సాగింది. బయట సూర్యుడు పడమటికి ఒరిగాడు. కరాళదంతుడు నీడను చూశాడు, తర్వాత రోలు వెనుక ముంజేతికి గడియారం కట్టుకుంటున్న పిల్లను చూశాడు.

"ఓసి పురుగా, నా భోజనం చెడగొట్టావా?" అంటూ రోలును ఒంటిచేత్తో విసిరేశాడు. "తినకపోతే పోనీ. నుజ్జు చేయడానికి వేళతో పనిలేదు."

వకుళ విసిరిన అంకుశం వాడి రొమ్ముకు తగిలి మట్టిబొమ్మలా ముక్కలైంది. రాక్షసుడు విరగబడి నవ్వాడు.

"ఇనుముతో నేను చావను, నిప్పుతో చావను. నడిచే ముల్లు గుచ్చుకుంటే తప్ప నాకు చావు లేదు. ముల్లు నడవడమేమిటో మొదట నాకూ తోచలేదు. తర్వాత ముళ్లపందులని తెలిసింది. ఈ అడవిలో ఒక్క ముళ్లపందిని కూడా మిగల్చలేదు, పిల్లలతో సహా రాళ్లకేసి కొట్టించాను."

వాడు చెబుతుండగా వకుళ ముంజేతి వైపు చూసుకుంది. అద్దం లేని గడియారంలో సన్నటి ముల్లు ఆగకుండా నడుస్తోంది.

"నడిచే ముల్లు నీకు తెలియదు మామా. రుచి చూడు," అంది.

వాడు ఆమెను నడుము పట్టి ఎత్తి, తల కొరికి ఉమ్మేయడానికి నోరు తెరిచాడు. వకుళ గడియారమున్న చేతిని మోచేతిదాకా ఆ నోట్లో దూర్చి, వాడి అంగిలికి అదిమింది. ముల్లు గుచ్చుకుంది. గుచ్చుకుని కూడా ఇంకొక్క అడుగు నడిచింది.

కరాళదంతుడు గావుకేక పెట్టాడు. వాడి ఒళ్లు నడినెత్తి నుంచి పాదాలదాకా చీలిపోయి, వంటశాల గోడలు నెత్తురుతో తడిశాయి. అయితే చచ్చేముందు, ఆమె చెయ్యి వెనక్కి లాక్కుంటుండగా, ఆ దవడలు ఒక్కసారి మూసుకున్నాయి. వకుళ చెయ్యి బయటికి వచ్చింది, బొటనవేలూ చూపుడువేలూ రాలేదు.

ఆమె గాయానికి గుడ్డ చుట్టుకుని అన్న దగ్గరికి పాకింది. గొలుసులు విప్పి, అతని రొమ్ము మీద చెవి పెట్టింది. గుండె కొట్టుకుంటోంది. అప్పుడు మాత్రం ఆ పిల్ల పెద్దగా ఏడ్చింది.

వాళ్లు ఊరు చేరేసరికి సాయంత్రమైంది. చీకటి ఎరగని పసివాళ్లు బెదిరిపోయి తల్లుల కొంగుల్లో దూరారు. ప్రజలు డాబాల మీదికెక్కి మొదటి నక్షత్రాన్ని చూసి, వండుకోవడం కూడా మరిచి ఎక్కడివాళ్లక్కడ నిద్రపోయారు. మర్నాడు జనమంతా కలిసి నేలమాళిగ తలుపు తట్టారు. సంతానం లేని విజయధ్వజుడు సిగ్గుతో బయటికి వచ్చి, కిరీటం తీసి వకుళ తలమీద పెట్టాడు. కొన్నేళ్లకు ఆమె గాయం మాన్పిన వైద్యుడినే మనసిచ్చి పెళ్లాడింది, చక్కగా పాలించింది.

అయితే శ్రావణం పట్టడానికి ఆ వేళ్లు లేవు, రెండో చెయ్యి అలవాటు పడలేదు. అందుకని పట్టాభిషేకమై, తన గాయాలు మానాక కేశవుడు ఓడరేవుకు వెళ్లి ఇంకో పెట్టె తెచ్చాడు. విరిగి అతుక్కున్న ఎముకలతో నెమ్మదిగా చెల్లెలి పక్కన కూర్చున్నాడు. ఏనుగులను లొంగదీసే ఆ మొద్దు వేళ్లతో శ్రావణం పట్టుకున్నాడు.

"ఎక్కడ పెట్టాలో చెప్పు," అన్నాడు.

"ముందు ఊపిరి బిగపట్టు అన్నా," అంది మహారాణి.