తీగ మీద హామీ

గాలి వేగం పెరుగుతోందని ఆమె మెడకు బిగించిన మాటల యంత్రం, మెడతోడు, చెప్పింది. వెంటనే, రోజూ అడిగే ప్రశ్నే అడిగింది.

"మీ గుండె వేగం హద్దు దాటింది. హామీదారుకు తెలియజేయమంటారా?"

"వద్దు. నిచ్చెన ఎక్కుతున్నాను, అంతే" అంది హైమవతి.

స్తంభం పైకి చేరి, నడుము తాడును కొక్కేనికి తగిలించి, తీగ నడిచే చక్రాలకు గ్రీజు పట్టించసాగింది. ఒకప్పుడు వీధులున్న చోట, చాలా కింద, బూడిద రంగు సముద్రం. ఓర్స్‌విక్ నగరంలో మునగకుండా మిగిలిన దీవుల మధ్య ఇప్పుడు తీగలకు వేలాడుతూ నడిచే తీగబండ్లే దారి. వాటిని బాగుచేసే పని ఆమెది.

ఒంటరిగా వచ్చిన విదేశీ స్త్రీ మెడలో తోడు ఉండి తీరాలి. తోడు వెనుక హామీదారు ఉండాలి. హైమవతికి పలాసలోని మేనమామ హామీ. ఆమె ఏ వీధిలో నడిచిందో, ఎవరితో నవ్విందో రోజూ సాయంత్రం ఆయనకు చేరుతుంది. ఆయన మంచివాడే, పల్లెత్తు మాట అనడు. అయినా నవ్వబోయే ముందు ఆమెకు ఆయన గుర్తొస్తాడు.

అలాగని మెడతోడును ద్వేషించనూ లేదు. తొలి చలికాలంలో ఇద్దరు తాగుబోతులు వెంటపడినప్పుడు వీధి దీపాలన్నీ వెలిగించి, ఇంటిదాకా మాట్లాడుతూ నడిపించింది అదే.

నియంత్రణ గది నుంచి మారెన్ గొంతు చెవిలోని రేడియోలో వినిపించింది. "నీ స్తంభానికి అవతలే ఒక బండి ఆగిపోయింది. లోపల ఒక్కతే ఉంది, మీ భాష మనిషి. గుండె వేగం చూసి ఆమె తోడే ఆపేసింది. నువ్వు తనిఖీ చేసి బాగుందంటే కదిలిస్తాను. గాలి ముదరకముందే తేల్చు."

హైమవతి తీగకు వేలాడే మరమ్మతు పీట మీద కూర్చుని బ్రేకు వదిలింది. పీట ఊగుతూ బండి పక్కకు చేరింది. లోపలున్న అమ్మాయి చెప్పు తీసి కిటికీ అద్దాన్ని బాదుతోంది.

"ఏటమ్మా అది! ఆగు. అద్దం పగిలితే సముద్రంలోకే."

తెలుగు వినగానే ఆ అమ్మాయి చెయ్యి ఆగింది. గాలి వచ్చే సందు దగ్గర నోరు పెట్టి మాట్లాడింది. "అక్కా, బండి ముందలకు పోనియ్యకుర్రి. రేవు స్టేషన్ల నా పెనిమిటి నిలవడ్డడు. ఆయననే నా హామీదారు. చెప్పకుంట వచ్చి ఈడ దవాఖాన్ల పనికి కుదిరిన. ఈ తోడే నేనున్న జాగ చెప్పింది. ఇయ్యాల ఓడ దిగిండు."

"నీ పేరేటి?"

"రజిత. ఆయన మొకం జూస్తేనే తలుపు తెరుసుకుంటదట." ఆమె చొక్కా చెయ్యి పైకి లాగింది. మోచేయి వంకరగా అతుక్కుని ఉంది. "మొన్నటిదాంక ఈ చెయ్యి లేవలె."

తోడు ఇలా స్త్రీని హామీదారు చేతికే చేర్చడాన్ని ఇక్కడ సురక్షిత అప్పగింత అంటారు; అదేమిటో హైమవతికి తెలుసు. బండిని నడిపించేది తను చెప్పబోయే 'బాగుంది' అన్న మాటే.

"మారెన్, ఇంకొంచెం ఆగు" అని, తన మెడతోడును అడిగింది. "ఈమె హామీదారును మార్చాలంటే?"

"కొత్త హామీదారు ప్రయాణికురాలి పక్కనే ఉండాలి. ఇద్దరూ నోటితో ఒప్పుకోవాలి. మరొకరి హామీలో ఉన్నవారు హామీ ఇవ్వరాదు."

గాలి ఒక్క విసురు విసిరింది. పీట బండికి కొట్టుకుంది. హైమవతి రెండు చేతులతో కిటికీ చట్రం పట్టుకుంది.

"అయితే నా హామీ తీసేయ్."

"హామీ లేకుండా ఒంటరి స్త్రీ ఈ నగరంలో ఉండరాదు. నిర్ధారిస్తున్నారా?"

"తీసేయమన్నాను కదా."

"మీ హామీ రద్దయింది. పని అనుమతి రద్దయింది. సాయంత్రం ఓడలో మీకు చోటు కేటాయించాను." పీట బ్రేకు దానంతటదే బిగుసుకుంది. ఇక స్తంభానికి తిరిగి వెళ్ళే వీల్లేదు.

"రజితా, నీకు నేను హామీ ఉంటాను. ఒప్పుకుంటున్నానని చెప్పు."

రజిత ఒక అడుగు వెనక్కి వేసింది. "మీరెవరో నాకు తెల్వదు. ఆయన గూడ మొదట గిట్లనే మంచిగ మాట్లాడిండు."

తనకున్నదంతా ఇప్పుడే వదులుకున్న మనిషిని నమ్మదేమని హైమవతికి కోపం వచ్చింది. ఆ వంకర మోచేయి చూశాక కోపం నిలవలేదు.

"నమ్మమని నేనెలా అడుగుతాను? వద్దని నువ్వు అన్న మరుక్షణం తీసేస్తాను. ఎందుకని అడగను. నువ్వెక్కడున్నావో నాకు చెప్పొద్దని నీ తోడుకు ఇప్పుడే చెప్తాను."

"మల్ల నన్ను కనిపెట్టేదెవరు?"

"ఎవలూ కనిపెట్టరు."

రజిత చేతిలోని చెప్పు కింద పెట్టింది. తర్వాత సందు దగ్గరికి వచ్చింది. "ఒప్పుకుంటున్న."

రెండు మెడతోడులూ ఒకేసారి పలికాయి. "రజిత హామీదారు హైమవతి." హైమవతి మెడలోది ఆగి, మళ్ళీ మొదలుపెట్టింది. "హైమవతి వర్గం... ఒంటరి స్త్రీ, హామీ లేదు. హైమవతి వర్గం... హామీదారు. హామీదారులు ఒంటరి స్త్రీల వర్గంలోకి రారు. బహిష్కరణ వర్తించదు. మెడతోడు వర్తించదు."

మెడతోడు కొలికి విడిపోయింది. మెడకు చలిగాలి తగిలింది. బ్రేకు సడలింది.

"మారెన్, బండి బాగుంది. దవాఖానా వైపు తిప్పు."

బండి వెనక్కి కదిలింది. రజిత అద్దానికి నుదురు ఆనించి ఏడుస్తోంది. తీగల మీదున్న మిగతా బండ్లు మాత్రం ఒక్కొక్కటిగా ఆగిపోవడం హైమవతికి కనిపించింది.

"ఏం చేశావు నువ్వు?" అని అరిచింది మారెన్. "ఆలస్యమైతే కారణం అన్ని బండ్లలోని తోడులూ చెప్తాయి, తెలుసుగా. ఒక ఒంటరి స్త్రీ మరో స్త్రీకి హామీ ఇచ్చిందని అందరూ విన్నారు. అదెలాగని ఆడవాళ్ళు వాళ్ళ తోడులను అడుగుతున్నారు. అవి జవాబు చెప్పలేక బండ్లు ఆపేస్తున్నాయి. అందరూ నా గదికే పిలుస్తున్నారు. వాళ్ళకు ఏం చెప్పను?"

"నీ ఇష్టం" అంది హైమవతి.

మారెన్ వైపు నుంచి ఏదో మీట నొక్కిన చప్పుడు వినిపించింది. తర్వాత ఆమె గొంతు బండ్లన్నింట్లోనూ మోగింది.

"అందరూ వినండి. పక్కన ఇంకో స్త్రీ ఉంటే, ఇద్దరిలో ఒకరు ముందు తన హామీ తీసేయమని చెప్పాలి..."