గీత కింద నిలబడ్డ పిల్ల

"చెప్పు! ఇంకోసారి అబద్ధం ఆడతావా? చెప్పు!"

అంటూనే కూతురి చెంప ఛెళ్ళుమనిపించింది ఆ తల్లి. కొట్టిన మరుక్షణమే చెయ్యి వెనక్కి లాక్కుంది... కానీ అప్పటికే పిల్ల బుగ్గ మీద వేళ్ళ అచ్చులు ఎర్రగా తేలాయి. కుట్టుమిషను మీద సగం కుట్టిన యూనిఫాం జారి కింద పడింది. ఎవరూ దాన్ని తీయలేదు.

జరిగింది పెద్ద విషయమేమీ కాదు. బడిలో టీచరమ్మ సెలవుల్లో ఎవరెవరు ఎక్కడికెళ్ళారో చెప్పమంది. ఒకరి తర్వాత ఒకరు లేచి ఊరి బయట కొత్తగా కట్టిన థీమ్ పార్కు గురించే చెప్పారు. ఈ పిల్ల వంతు వచ్చేసరికి నోట్లోంచి ఠక్కున అదే వచ్చేసింది. "నేనూ వెళ్ళాను టీచర్! రోలర్ కోస్టర్ కూడా ఎక్కాను!" అంది. పక్క బెంచీ అమ్మాయి ఊరుకోకుండా, "అది ఏ రంగులో ఉంటుందో చెప్పు" అని అడిగింది. పిల్ల ఎరుపంది. అది నీలం! క్లాసంతా గొల్లుమంది. సాయంత్రం టీచరమ్మ బడి గేటు దగ్గర, పదిమంది తల్లుల మధ్య ఈ తల్లిని నిలబెట్టి, "మీ అమ్మాయికి అబద్ధాలు అలవాటవుతున్నాయి, కాస్త చూసుకోండి" అని చెప్పింది. ఆ తల్లుల్లో సగం మంది బట్టలు కుట్టేది ఈమే. ఆ క్షణంలో భూమి చీలితే బావుండుననిపించింది!

"అందరూ వెళ్ళారమ్మా... నేనొక్కదాన్నే..." అంది పిల్ల వెక్కుతూ. ఆ మాటతో తల్లి కోపమంతా నీరుకారిపోయింది. పిల్లను దగ్గరకు లాక్కుని, తను కొట్టిన బుగ్గనే చేత్తో నిమురుతూ, "తీసుకెళ్తానే నా తల్లీ... వచ్చే సెలవుల్లో ఎలాగైనా తీసుకెళ్తాను. కానీ అబద్ధం మాత్రం ఎప్పుడూ ఆడకు, సరేనా?" అంది. పిల్ల తలూపింది.

ఆ పిల్లను ఇంట్లో 'నిచ్చెన' అని పిలుచుకునేవారు. వయసుకు మించిన పొడుగు. తండ్రి సిటీ బస్సు కండక్టరు. డ్యూటీ దిగి రాగానే, "ఏమ్మా నిచ్చెనా, ఇవాళ ఎంత పెరిగావు?" అని నెత్తిన చెయ్యి పెట్టి కొలిచేవాడు. మనిషి మంచివాడే గానీ టికెట్టు దగ్గర మాత్రం పరమ ఖచ్చితం. ఎదిగిన పిల్లల్ని ఒళ్ళో కుక్కుకుని టికెట్టు ఎగ్గొట్టే తల్లులను చూస్తే ఆయనకు ఒళ్ళు మండేది. "ఆ పిల్లాడికి మీసాలు మొలిచేదాకా చంకనే వేసుకుంటుంది కాబోలు!" అని ఇంటికొచ్చి చెప్పి నవ్వేవాడు. ఆ నవ్వులో భార్య కూడా శ్రుతి కలిపేది, పాపం!

పార్కు సంగతి చెప్పగానే ఆయన కాదనలేదు. ఇద్దరూ కూర్చుని తర్జనభర్జన పడ్డారు. ఆదివారాల్లో టికెట్టు ఎక్కువ కాబట్టి పనిరోజు చూసుకుని వెళ్ళాలి. ఆయన ఆ రోజుకు సెలవు పెట్టుకోవాలి. పొద్దున్నే మామూలు బస్సులో బయల్దేరి సాయంత్రానికి తిరిగి వచ్చేయాలి. లోపల తినడానికి ఏదీ కొనకూడదు, ఇంటి నుంచే డబ్బాలు కట్టుకెళ్ళాలి. ఎంత బిగించినా టికెట్లు మాత్రం టికెట్లే! ఆమె వచ్చే పోయే వాళ్ళ చిరిగిన సంచీలకు జిప్పులు కూడా వేసింది, కళ్ళు లాగుతున్నా కాజాలు కుట్టింది. చివరికి ముగ్గురికీ సరిపడా కూడింది. అంతకు మించి చిల్లిగవ్వ లేదు.

అత్తగారు మాత్రం మొదటినుంచీ ఎకసెక్కాలే! "గిర్రున తిప్పి కడుపులోది కక్కించడానికి డబ్బులు కూడా పుచ్చుకుంటారా! నాకు బస్సెక్కితే చాలు, ఉత్తపుణ్యానికే తిరుగుతుంది తల! మీరు పోయి రండి, నేను ఇల్లు చూసుకుంటా" అనేది.

అలాంటి మనిషి, ప్రయాణం రేపనగా కోడలి దగ్గరికొచ్చి నిలబడింది. చీర చెంగు వేలికి చుట్టుకుంటూ, కళ్ళెత్తకుండా, "అమ్మాయ్... అక్కడ నీళ్ళలో పడవ మీద గుహలోంచి తీసుకెళ్తారటగా? పిల్ల చెప్పింది. లోపలంతా నక్షత్రాలట... నేనెక్కడికి వెళ్ళాను గనక, వంటింటికీ పెరటికీ తప్ప... కుదరదంటే వద్దులే, ఊరికే అడిగా" అంది.

కోడలు కుట్టు ఆపి తలెత్తింది. ఇన్నేళ్ళ కాపురంలో ఆ పెద్దావిడ తన కోసమని ఏదైనా అడగడం ఆమె విన్లేదు! "ఎందుకు కుదరదత్తయ్యా! మీరు లేకుండా ఎలా వెళ్తాం?" అనేసింది. ఆవిడ ముఖం చిన్నపిల్ల ముఖంలా వెలిగిపోయింది. ఆ వెలుగు చూశాక ఇక మాట వెనక్కి తీసుకోవడం ఎవరి తరం?

కానీ టికెట్టు? డబ్బు చాలదని భర్తతో చెబితే ప్రయాణం వచ్చే ఏడాదికి వాయిదా పడుతుంది. అప్పుడే ఆమెకు జాకెట్టు కొలతలివ్వడానికొచ్చిన ఒకావిడ చెప్పిన మాట గుర్తొచ్చింది. పార్కు గేటు దగ్గర గోడ మీద ఒక గీత ఉంటుందట, తల ఆ గీతకు తగలని పిల్లలకు టికెట్టు లేదట! ఆ గీత ఎంత ఎత్తులో ఉంటుందో కూడా ఆవిడే చెప్పింది. మెడలో వేలాడే కొలత టేపు తీసి పిల్లను గోడకు నిలబెట్టి చూసింది తల్లి. పిల్ల గీత దాటిపోయింది... కేవలం రెండు వేళ్ళంత!

ఆ సాయంత్రం మిగిలిన గుడ్డ ముక్కలు అతికించి పాదాల దాకా దిగే గౌను ఒకటి కుట్టింది. పిల్ల అది వేసుకుని గిరగిరా తిరిగి, "అమ్మా, రాణీలా ఉన్నా కదూ!" అని మురిసిపోయింది. తల్లి వంటింటి తలుపు దగ్గరగా వేసింది.

"బంగారూ... ఒకసారి మోకాళ్ళు కాస్త వంచి నిలబడు. తల నిటారుగా పెట్టు. ఆఁ... అలాగే. రేపు గేటు దగ్గర ఇలాగే నిలబడాలి."

"ఎందుకమ్మా?"

"ఎందుకంటే... నానమ్మ కూడా వస్తోందిగా. నువ్వు చిన్నపిల్లవని వాళ్ళు అనుకోవాలి. నాన్నకు చెప్పకు."

పిల్ల తల్లి ముఖంలోకి చూసింది. "అది అబద్ధం కాదా అమ్మా?"

ఆమె చేతిలోని కత్తెర పక్కన పెట్టింది. "నువ్వు నోటితో ఏమీ చెప్పక్కర్లేదు కదా తల్లీ... ఊరికే నిలబడాలి, అంతే" అంది. అనడమైతే అంది గానీ, ఆ తర్వాత కూతురి కళ్ళలోకి చూడలేకపోయింది.  పిల్ల గౌను విప్పి, మడతపెట్టి, కుర్చీ మీద ఉంచి వెళ్ళిపోయింది.

మర్నాడు గేటు దగ్గర అంతా అనుకున్నట్టే జరిగింది. మూడు టికెట్లు కొన్నది ఆమే. అమ్మ టికెట్టుకూ కుట్టుడబ్బులు సర్దిందనుకున్న భర్త, డబ్బాల సంచీ మోసుకుంటూ తల్లిని చేయిపట్టి ముందు నడిచాడు. వెనక పిల్ల గీత కింద నిలబడింది. నీలం టోపీ పెట్టుకున్న గేటు అమ్మాయి వంగి చూసి, బుగ్గ గిల్లి, "వచ్చే ఏడాదికి దాటేస్తావులే బుజ్జీ, పాలు బాగా తాగు!" అని నవ్వింది. పిల్ల నవ్వలేదు. గేటు దాటి చాలా దూరం వెళ్ళేదాకా అలా మోకాళ్ళు వంచుకునే నడిచింది! "ఇక చాలమ్మా, మామూలుగా నడువు" అని తల్లి చెవిలో చెబితే గానీ కాళ్ళు సాచలేదు.

పడవ ఎక్కారు. గుహలో నక్షత్రాలు చూసి అత్తగారు నోరు తెరిచింది తెరిచినట్టే ఉండిపోయింది. "ఒరేయ్, ఇవి నిజంవి కావంటే నేన్నమ్మనురా!" అంటూ కొడుకు భుజం పట్టుకుంది. పెద్దవాళ్ళంతా నవ్వారు. తల్లీ నవ్వింది. కానీ పిల్ల ఎక్కడ నీలం టోపీ కనబడినా తల్లి వెనక్కి నక్కుతూనే ఉంది... అది చూసినప్పుడల్లా ఆమె నవ్వు ఆగిపోయింది.

చివరికి రోలర్ కోస్టర్ దగ్గరికి వచ్చారు. నీలం రంగు పట్టాలు ఆకాశంలో మెలికలు తిరిగి ఉన్నాయి. దాని ముందూ ఒక గీత ఉంది. ఇక్కడ గీతకు తగిలినవాళ్ళకే ప్రవేశం. తండ్రి హుషారుగా, "పదమ్మా నిచ్చెనా! నీకోసమే కదా ఇంత దూరం వచ్చాం!" అని కూతుర్ని ముందుకు తోశాడు.

పిల్ల గీత కింద నిలబడింది. మెల్లగా మోకాళ్ళు వంచింది!

"చాలదమ్మా, గీత అందట్లేదు" అన్నాడు అక్కడి కుర్రాడు.

"అదేంటి! సరిగ్గా నిలబడమ్మా, ఎందుకలా కుంగిపోతున్నావ్?" అన్నాడు తండ్రి ఆశ్చర్యంగా.

"నేనింతే నాన్నా... నేను పొట్టిదాన్నే... నాకిది వద్దు... వెళ్ళిపోదాం."  తండ్రి నవ్వుతూ చంకల కింద చేతులు వేసి లేపబోయేసరికి ఒక్కసారిగా భోరుమంది. "వద్దు నాన్నా! నిటారుగా నిలబడితే అమ్మను పట్టుకుంటారు!"

చుట్టూ ఉన్న జనం ఇటు తిరిగారు.  ఆ తల్లి ఎంతో ఇష్టంగా పెంచుకున్న పిల్ల, పదిమందిలో తలెత్తుకుని బతకాలని ఆమె కలలుగన్న పిల్ల, అమ్మ కోసం తనంతట తానే కుంగిపోయి నిలబడింది! అంతకంటే ఆ టీచరమ్మ మళ్ళీ పదిమందిలో నిలబెట్టి చీవాట్లు పెట్టినా బాగుండేది!

భర్త ఆమె వైపు చూశాడు. ఆ పొడుగు గౌను వైపు చూశాడు. అడగాల్సిన అవసరం లేకపోయింది.

"నాకు... నాకు వేరే దారి తోచలేదండీ..." అని మాత్రం అనగలిగింది.

అత్తగారికి విషయం కాస్త ఆలస్యంగా తలకెక్కింది. తలకెక్కగానే నుదురు కొట్టుకుంది. "అయ్యో! నా టికెట్టు కోసమా! ఈ ముసలిదాని ముచ్చట కోసం పిల్లను..." అంటూ బెంచీ మీద కూలబడిపోయింది.

తల్లి ఇక అక్కడ నిలబడలేదు. కూతురి చెయ్యి పట్టుకుని గేటు వైపు నడిచింది. ఆ దారి ఎంతకీ తరగలేదు. నీలం టోపీ అమ్మాయి ముందు వరుస కట్టి జనం ఉన్నారు. వాళ్ళందరి ముందే, "మా పాప గీత దాటిందమ్మా... నేనే మోకాళ్ళు వంచమన్నాను. దాని తప్పేం లేదు. టికెట్టు ఇవ్వండి" అంది. వరుసలో ఎవరో కిసుక్కున నవ్వారు. ఆ అమ్మాయి ముఖంలో పొద్దుటి నవ్వు లేదు. పై అధికారిని పిలిచింది. ఆయన వచ్చి, "ఇలాంటివాళ్ళ వల్లే..." అని మొదలుపెట్టాడు.

అంతలో వెనకనుంచి రొప్పుతూ అత్తగారు! "దాన్నేమీ అనకండయ్యా! నేనే వంచమన్నాను! మా కోడలికి అలాంటివి తెలియవు! అనేదేదో నన్ను అనండి!"

"కాదత్తయ్యా!" అంది కోడలు. ఏడుస్తున్నా గొంతు మాత్రం గట్టిగానే వచ్చింది. "కాదండీ. ఆవిడకు తెలియను కూడా తెలియదు. నేనే చేశాను. నా కూతురు వింటోంది, ఇంకో అబద్ధం వద్దు."

అధికారి ఇద్దరినీ మార్చి మార్చి చూశాడు. జాలిపడి వదిలేయలేదు. టికెట్టూ, దాని మీద జరిమానా కూడా కట్టమన్నాడు. ఆమె సంచీలో తడుముకుంటుంటే, భర్త పక్కకొచ్చి నిలబడ్డాడు. మారుమాట లేకుండా తిరుగు బస్సు ఛార్జీలకని దాచిన డబ్బు తీసి బల్ల మీద పెట్టాడు. "నేనూ కండక్టర్నే సార్. పాప మా పాపే. టికెట్టు కొట్టండి" అన్నాడు. ఆయన చెవులు ఎర్రబడ్డాయి, తల మాత్రం దించుకోలేదు.

తిరిగి రోలర్ కోస్టర్ వైపు నడుస్తుంటే ఆయన భార్య వైపు తిరిగాడు. "అమ్మ టికెట్టుకు డబ్బు చాలట్లేదని నాకొక్క మాట చెబితే సరిపోయేది కదా... నన్ను చూస్తే అంత భయమా నీకు?"

ఆమె తల దించుకుని నడిచింది. టికెట్టు ఎగ్గొట్టే తల్లుల మీద తను వేసిన హాస్యాలు ఆయనకు గుర్తొచ్చాయి. "తప్పు నీదొక్కదానిదే కాదులే..." అన్నాడు. "బస్సుల డిపో నాలుగు మైళ్ళే. అక్కడిదాకా నడిస్తే మనవాళ్ళెవరైనా ఎక్కించుకుంటారు. అమ్మ నడవలేకపోతే నేనెత్తుకుంటా."

"నన్నెత్తుకోవడమేంట్రా, నేనే నిన్ను ఎత్తుకుంటా!" అంది అత్తగారు కళ్ళు తుడుచుకుంటూ. పిల్ల ఫక్కున నవ్వింది. పొద్దుటినుంచీ అదే మొదటి నవ్వు!

తల్లి పిల్ల ముందు మోకాళ్ళ మీద కూర్చుంది. "నిన్ను అబద్ధమాడావని కొట్టాను... నేనే నీకు నేర్పాను. అమ్మను క్షమిస్తావా?" అంది. పిల్ల వెంటనే సరేననలేదు. రోలర్ కోస్టర్ వైపు చూసింది.  "నాకు ఇప్పుడు దాన్ని చూస్తే భయమేస్తోంది. నువ్వు కూడా ఎక్కుతావా?" అంది చివరికి.

ఈసారి పిల్ల గీత కింద నిలబడితే తల గీతను దాటింది. కుర్రాడు పక్కకు తప్పుకున్నాడు. ఇద్దరూ పక్కపక్కనే కూర్చున్నారు. బండి పైకి పైకి పాకి, కొన మీద ఒక్క క్షణం ఆగి, ఒక్కసారిగా కిందికి దూకింది! అందరూ కెవ్వుమని అరిచారు. ఆ కేకల మధ్య ఆమె కూడా అరిచింది... అరుస్తూ అరుస్తూ ఏడ్చేసింది. ఇన్నాళ్ళూ పళ్ళ బిగువున దాచుకున్నదంతా, ఈ పూట అనుభవించిన సిగ్గంతా, గాలికి వదిలేసి గుక్కపెట్టి ఏడ్చింది! పిల్ల చెయ్యి మాత్రం ఆమె చేతిలోంచి కదల్లేదు.

కిందికి దిగాక అత్తగారు ఎదురొచ్చింది. కోడలి ముఖం చూసి, "అమ్మాయ్, కళ్ళేంటి అలా ఉబ్బాయి? భయపడ్డావా ఏంటి?" అంది.

తల్లి నోరు తెరిచేలోపే పిల్ల అందుకుంది. "కాదు నానమ్మా. అమ్మ ఏడ్చింది. నేను పట్టుకున్నాను."

ఆమె ముఖం తుడుచుకోలేదు, పక్కకీ తిప్పుకోలేదు. భర్త డబ్బాల సంచీ విప్పి, ముందు ఆమె చేతికే ముద్ద అందించాడు.